గురువారం ఫోను

మా కోచ్ దగ్గర తొమ్మిది తాళంచెవుల గుత్తి ఒకటి ఉండేది. వాటిలో ఒక్కటీ ఇప్పుడు ఏ తలుపూ తెరవదు. తొమ్మిది ఊళ్లలో, తొమ్మిది క్లబ్బుల్లో ఆయన కూర్చున్న గదుల తాళంచెవులవి. పనిలోంచి తీసేసిన రోజున ఒక్కచోట కూడా తిరిగి ఇవ్వలేదట. ఎలాగూ మర్నాటికి తాళం మార్చేస్తారు, ఇది నా జేబులో ఉంటే వాళ్లకేం నష్టం అనేవాడు.

ఆయన పేరు యోసెఫ్ కొవార్నిక్. స్లొవేకియా మనిషి, అరవై దాటాయి. యూరప్‌లో ఇరవై మూడేళ్లు ఫుట్‌బాల్ జట్లను నడిపి, చివరికి మా అల్ సఫీనా క్లబ్బుకు వచ్చి పడ్డాడు. కువైట్‌లో సబ్హాన్ గోడౌన్ల మధ్య గ్రౌండు, ఒక పాత రెండంతస్తుల బిల్డింగు, అదే మా క్లబ్బు. పై డివిజన్‌లోకి వెళ్లాలని దానికి పన్నెండేళ్లుగా ఆశ.

నా పేరు ఏడుకొండలు. మాది అన్నమయ్య జిల్లా, పుల్లంపేట దగ్గర. కువైట్ వచ్చి పదహారేళ్లు. క్లబ్బులో ఆటగాళ్ల బట్టలు నా బాధ్యత. ఉతకడం, ఆరెయ్యడం, ఇస్త్రీ, మ్యాచ్ రోజున డ్రెస్సింగ్ రూములో ఎవరి జెర్సీ వాళ్ల చోట పెట్టడం. వినడానికి చిన్న పనే. కానీ పదహారేళ్లలో నేను ఉతికిన జెర్సీ మీద నంబరు పొర లేచిందని ఒక్కరు అనలేదు. డ్రయ్యర్‌లో వేస్తే ఆ అంకెలు పగుళ్లిస్తాయి. అందుకే క్లబ్బు కొన్న మెషీన్ మూలన పడేసి, మేడ మీద తాడు కట్టాను. నా పనిలో వేలు పెడితే నాకు కోపం వస్తుంది, అది అందరికీ తెలుసు.

నా పేరుకు అర్థమేమిటని కోచ్ మొదటి రోజే అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను 'సెవెన్' అనే పిలిచాడు.

ప్రాక్టీస్ అయ్యాక టీ తాగడానికి ఆయన ఆఫీసుకు పోయేవాడు కాదు, ఆఫీసు గోడలకు చెవులున్నాయని. నా లాండ్రీ గదికి వచ్చేవాడు. ఇస్త్రీ బల్ల మీద గుత్తి పెట్టి ఒక్కో తాళంచెవినీ తిప్పుతూ కథ చెప్పేవాడు. ఆస్ట్రియాలో డాక్టరు మోసం చేశాడు. బెల్జియంలో ప్రెసిడెంటు అల్లుడు. రుమేనియాలో సొంత కెప్టెనే. టర్కీలో బూట్లు మోసేవాడు. సైప్రస్‌లో ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు, కానీ ఎవరో ఒకడు ఉన్నాడు. తొమ్మిది క్లబ్బులు మారిన మనిషి ఒక్కచోట కూడా తన ఆట బాగాలేక ఓడిపోలేదు, చూడండి. నేను లోపల నవ్వుకునేవాణ్ణి. నీలం దారం చుట్టిన గ్రీసు తాళంచెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ ఆగిపోయేది. స్టెలియో అని ఒక పేరు చెప్పి తర్వాతి దానికి వెళ్లిపోయేవాడు. పద్నాలుగేళ్లు తన పక్కన అసిస్టెంటుగా పనిచేసిన మనిషట. అతన్ని తనే వెళ్లగొట్టాడట.

అనుమానం జలుబు లాంటిది. రోజూ ఎదురుగా కూర్చుంటే మనకూ అంటుకుంటుంది. రెండు నెలలయ్యేసరికి నేను కూడా గదిలోకి ఎవరొచ్చినా బల్ల మీది కాగితాలు తిరగేసి పెట్టడం మొదలుపెట్టాను.

మా మ్యాచ్‌లు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం కోచ్ నాకొక చీటీ ఇచ్చేవాడు. దాని మీద పదకొండు నంబర్లు, గ్రౌండ్‌లో ఎవరు ఎక్కడ నిలబడతారో ఆ వరుసలో. డ్రెస్సింగ్ రూములో జెర్సీలు అదే వరుసలో ఉండాలన్నది ఆయన పట్టుదల. ఒకసారి రెండు తారుమారైతే గంటసేపు అరిచాడు. ఆటగాళ్లకు కూడా తెల్లవారితేగానీ ఆ జట్టు తెలియదు.

అయినా అవతలి జట్టుకు తెలిసిపోతోంది. ఒక వారం ఎడమ వైపు కొత్త కుర్రాణ్ణి దించితే, మొదటి నిమిషం నుంచే అతని మీద ఇద్దరు కాపలా. మరో వారం మధ్యలో ఒక మనిషిని తగ్గిస్తే, అవతలివాళ్లు సరిగ్గా ఆ సందులోంచే వచ్చారు. వరసగా మూడు ఓడిపోయాం. కోచ్ మాట్లాడటం తగ్గించేశాడు. టీ తాగేటప్పుడు కూడా గుమ్మం వైపే చూసేవాడు.

నాలుగో వారం ఆయన ఒక ఎత్తు వేశాడు. ఈజిప్టు అసిస్టెంటుకు ఒక జట్టు చెప్పాడు, డాక్టరుకు ఇంకొకటి, కెప్టెన్‌కు మరొకటి, నా చీటీలో వేరొకటి. నాలుగూ అబద్ధమే. శుక్రవారం అవతలి జట్టు ఏ అబద్ధానికి సిద్ధపడి వస్తుందో చూద్దామని. నా చీటీలో ఎడమ వైపు పదిహేడో నంబరు ఉంది. అవతలివాళ్లు వార్మప్‌లోనే పదిహేడో నంబరును వెతుక్కున్నారు, అతనేమో బెంచీ మీద కూర్చున్నాడు.

మ్యాచ్ అయ్యాక కోచ్ లాండ్రీ గదికి వచ్చి తలుపు వేశాడు.

"నీ గదిలోంచే పోయింది, సెవెన్. నువ్వా, నీ పక్కవాడా?"

నేను కాదని నాకు తెలుసు. మరి నా పక్కవాడంటే ఒక్కడే.

పరశురాం గ్రౌండు చూసుకునే మనిషి. గడ్డి, నీళ్లు, సున్నం గీతలు అతని పని, సామాను పెట్టుకునే స్టోరు నా లాండ్రీ గది పక్కనే. జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి వైపు. ఖైతాన్‌లో ఆరేళ్లుగా ఇద్దరిదీ ఒకటే గది. నా కూరలో కారం ఎక్కువని అతనంటాడు, అతని కూరలో చింతపండు ఎక్కువని నేనంటాను, ఇద్దరం గిన్నె ఖాళీ చేస్తాం. నన్ను అన్నా అంటాడు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే నా భార్య రమణిని వదినా అంటాడు. కొత్తలో ఒకసారి మాత్రం నోరు జారాడు. "మీ కడపోళ్లు ఆడోళ్లను గల్ఫుకు ఎట్ల తోలుతరే? మా దిక్కు గట్ల జేస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు. పది రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత అతను మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

ఈ మధ్య మూడు నెలలుగా ప్రతి గురువారం మధ్యాహ్నం, సరిగ్గా నాకు చీటీ వచ్చే వేళకు, పరశురాం స్టోరు వెనక్కి పోయి ఫోను మాట్లాడేవాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి. నేను కనిపిస్తే కట్ చేసేవాడు. ఎవర్రా అంటే ఇంటి నుంచి అనేవాడు. ఇంటితో మాట్లాడేటప్పుడు గ్రౌండంతా వినబడేలా అరిచే మనిషి అతను.

కోచ్ నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను ఎక్కువ మాట్లాడలేదు. పరశురాం, థర్స్‌డే, ఫోన్, ఈ మూడు మాటలే అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. ఆ తట్టినందుకు నాకు గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

శనివారం మా మేనేజరు అబూ ఫహద్ పరశురాంను పిలిచి ఖలాస్ అన్నాడు. విచారణ లేదు, ఏమీ లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దుకు కాగితాలు రాయమని గుమాస్తాకు చెప్పాడు. వచ్చే శనివారానికి హైదరాబాద్ టికెట్టు.

గదికి వచ్చి పరశురాం మంచం మీద కూలబడ్డాడు.

"ఏం తప్పు జేసిన్నో సుత చెప్తలేరన్నా. గడ్డి ఎండిందా, ఎండలే. గీతలు వంకరున్నయా, లెవ్వు. నువ్వు కోచ్‌కు దగ్గరుంటవు గద, ఒక్కమాట అడుగరాదే."

"అడుగుతాలే" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఆదివారం రమణి ఫోను చేసింది. పరశురాం సంగతి తెలిసిందా అని కోపంగా మొదలుపెట్టింది. నేను ఊ కొట్టాను.

"భాగ్యలత ఈడనే ఉండాది, తెల్సునా నీకు? ఆయప్ప పెండ్లాం. వచ్చి మూన్నెల్లాయె. రుమైతియాలో ఒక ఇంట్లో చేస్తాంది. మా ఇంటి దొరసాని మామాతో చెప్పి నేనే పెట్టించినా. గురువారం ఆ ఇంటి మామా పుట్టింటికి పోతాది, అప్పుడు ఒక గంట మాత్రం ఆ పిల్ల చేతికి ఫోనిస్తారు."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు చెప్పద్దని ఒట్టేయించుకున్యాడు. మనల్ని ఎప్పుడో ఒక మాట అన్యాడంట గదా, ఇప్పుడు తన పెండ్లామే వస్తే అన్నకు మొగం ఎట్ల చూపించేదని. ఇప్పుడు ఆయప్పను పంపిచ్చేస్తే ఆ పిల్ల ఒక్కతే ఈడ. రెండేండ్లు కదిలేదానికి లేదు. ఆ తెల్లాయప్పతో నువ్వు ఒక మాట చెప్పరాదా?"

చెప్తానన్నాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో చెబుతాను, నన్ను ఏమన్నా అనుకోండి. పరశురాం కాదంటే ఇక మిగిలింది నేను. కోచ్ అడిగింది రెండే పేర్లు. అతని పేరు కొట్టేస్తే నా పేరు మిగులుతుంది. పదహారేళ్ల ఉద్యోగం, నా ఇఖామా, సల్వాలో రమణి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం. నాలుగు రోజులు ఇంకెవరైనా దొరుకుతారేమోనని కళ్లలో వత్తులు వేసుకుని చూశాను. ఈజిప్టు అసిస్టెంటు నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకున్నాను. నీళ్ల క్యాన్లు తెచ్చే బంగ్లాదేశీ గుమ్మంలో ఒక నిమిషం ఎక్కువ నిలబడితే అతని వెనకే గేటు దాకా వెళ్లాను. కోచ్‌కూ నాకూ తేడా లేకుండా పోయింది. గదికి వెళ్తే పరశురాం చిన్న చిన్న మూటలు కట్టుకుంటూ కనిపించేవాడు. నాకు ఇష్టమని గోంగూర పచ్చడి సీసా మాత్రం మూట కట్టకుండా అలమరాలోనే ఉంచాడు.

గురువారం మామూలుగానే చీటీ వచ్చింది. పెట్టెలోంచి జెర్సీలు తీసి, పెట్టె వాసన పోవడానికి ఇంకోసారి ఉతికి, మేడ మీద తాడుకు వేశాను. కిందికి వచ్చి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెడితే చిటపటమని పొగ వచ్చి ఆగిపోయింది. మ్యాచ్ ముందు రోజు అది లేకపోతే ఎలా? రోడ్డు అవతల బిల్డింగులో రెండో అంతస్తులో రిపేరు షాపు ఉందని తెలుసు. సబ్హాన్‌లో ఇన్నేళ్లున్నా ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు.

షాపులో పాకిస్తానీ పెద్దాయన ఇస్త్రీ పెట్టె విప్పుతూ హిందీలో అడిగాడు, రేపు తొమ్మిదో నంబరు ఆడటం లేదేం, కాలు నొప్పా అని.

తొమ్మిదో నంబరును తీసేసిన సంగతి కోచ్‌కూ నాకూ తప్ప తెలియదు. ఎవరు చెప్పారన్నాను. ఆయన స్క్రూడ్రైవర్‌తో కిటికీ వైపు చూపించాడు.

కిటికీలోంచి మా మేడ కనిపిస్తోంది. మేడ మీద నా తాడు. తాడు మీద మా జట్టు. ముందు గోల్‌కీపర్, కాస్త ఎడం, తర్వాత వెనక కాసే నలుగురు, మళ్లీ ఎడం, మధ్యవాళ్లు, చివర ముందుకు దూకే ఇద్దరు. డ్రెస్సింగ్ రూములో తారుమారు కాకూడదని చీటీలో వరుస ప్రకారం తాడు మీదే వేసుకుంటాను. బెంచీ మీదివాళ్ల జెర్సీలు వెనక తాడుకు. నంబరుకు ఎండ తగిలితే పొర లేస్తుందని నంబర్లన్నీ నీడ వైపు తిప్పుతాను. నీడ వైపంటే రోడ్డు వైపు. మెరూన్ గుడ్డ మీద జానెడేసి తెల్ల అంకెలు. కళ్లజోడు లేకుండా చదవొచ్చు.

ఈ బిల్డింగులో అందరికీ తెలుసు, టీ పందెం కూడా వేసుకుంటాం అన్నాడు పెద్దాయన. గురువారం ఎవరో తెల్ల కారులో వచ్చి మెట్ల కిటికీ దగ్గర ఫొటో తీసుకుని పోతాడట. మీ క్లబ్బు మనిషే అనుకున్నాం అన్నాడు.

ముందు నాకు సంతోషం కలిగింది. దొంగ ఎవడూ లేడు, నేను కాదు. మెట్లు దిగుతుంటే ఆ సంతోషం మెల్లగా దిగిపోయింది. జట్టును బయటపెట్టింది నేనే. నా పనితనమే. దానికి బలి చేసింది పరశురాంను.

ఇంకో సంగతీ తోచింది. రేపటి నుంచి తాడు వెనక్కి కట్టేస్తే చాలు. పరశురాం వెళ్లిపోతాడు, జట్టు బయటికి పోవడం ఆగిపోతుంది, చూశావా వాడేనని కోచ్ అంటాడు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. ఫోను తీసి టైము చూశాను. మూడున్నర. గురువారం మూడున్నర. ఖైతాన్ గదిలో కూర్చుని పరశురాం ఇప్పుడు తన భార్యకు తను వెళ్లిపోతున్న సంగతి చెబుతూ ఉంటాడు.

కోచ్‌ను మేడ మీదికి తీసుకెళ్లాను. నోరు తడబడుతుంటే వేలితో చూపిస్తూ చెప్పాను. తాడు, రోడ్డు, ఆ కిటికీ. పరశురాం ఫోను ఎవరితోనో కూడా చెప్పాను. అది నాకు ఆదివారం నుంచే తెలుసని కూడా చెప్పాను. అరుస్తాడనుకున్నాను. నన్ను ఆ రాత్రి విమానానికే పంపిస్తాడనుకున్నాను.

నంబర్లు రోడ్డు వైపు ఎందుకు అని మాత్రం అడిగాడు. ఎండ సంగతి చెప్పాను. తల ఊపాడు. జేబులోంచి గుత్తి తీసి, నీలం దారం ఉన్న తాళంచెవి పట్టుకుని, తాడు చివర పిట్టగోడ మీద కూర్చున్నాడు. గ్రీసులో కూడా ఇలాగే జట్టు బయటికి పోయేదట, స్టెలియో పనేననుకున్నాడట. అక్కడ బట్టలు ఉతికే ఆవిడ ఉండేదట, మేడ రేవు వైపు ఉండేదట.

"ఆవిడ చాలా మంచి పనిమంతురాలు, సెవెన్. నీలాగే."

జెర్సీలు సాయంత్రం దాకా అలాగే ఉండనీ అన్నాడు. మర్నాడు వేరే పదకొండు మందిని ఆడించాడు. గెలిచామని చెప్పాలని ఉంది గానీ డ్రా అయింది.

మ్యాచ్‌కు ముందే, ఆ గురువారమే, అబూ ఫహద్ దగ్గరికి తనే వెళ్లాడు. పొరపాటు తనదని చెప్పాడు, నా పేరు ఎత్తలేదు. కాగితాలు ఇంకా గుమాస్తా బల్ల మీదే ఉన్నాయి. యల్లా, గడ్డి ఎండిపోతోంది, వాణ్ణి రమ్మను అన్నాడు అబూ ఫహద్. అంతే.

శుక్రవారం మ్యాచ్ అయ్యాక కోచ్ నా లాండ్రీ గదిలోంచే గ్రీసుకు, స్టెలియోకు ఫోను చేశాడు. అవతల ఎవరో ఎత్తారు. ఈయన తన పేరు చెప్పాడు. లైను కట్టయింది. కాసేపు ఫోను వైపు చూసి, వాడు చేసింది కరెక్టే అని జేబులో పెట్టుకున్నాడు.

పరశురాంకు నేను గురువారం సాయంత్రమే చెప్పాను. ఎవరి ద్వారానో తెలియడం కంటే నా నోటితో చెబుదామని బస్సు దిగీ దిగగానే చెప్పేశాను. మూటల మధ్య కూర్చుని మొత్తం విన్నాడు. తిడితే బాగుండేది.

"ఆరేండ్ల సంది ఒక్క గిన్నెల తింటున్నం. ఒక్కసారి నన్నడిగితే అయిపోవు గదనే" అన్నాడు. లేచి మూటలు విప్పాడు. అన్నం వండి, నాకూ పెట్టాడు.

ఆ తర్వాత వచ్చిన గురువారం మధ్యాహ్నం నేను జెర్సీలు పిండుతుంటే పరశురాం లాండ్రీ గదికి వచ్చాడు. ఫోను మోగింది. స్టోరు వెనక్కి పోలేదు. ఫోనును ఇస్త్రీ బల్ల మీద, కోచ్ గుత్తి పెట్టే చోట పెట్టి, స్పీకరు నొక్కాడు.

"మాట్లాడు భాగ్యా. అన్న గీడనే ఉన్నడు. ఇంటడు."

వారానికి ఒక్క గంట దొరికే ఫోను అది. చాలాసేపటికి, నేనెప్పుడూ చూడని ఆ అమ్మాయి గొంతు చిన్నగా వినిపించింది.

"అన్నా, మంచిగున్నవా?"

తడి జెర్సీల బకెట్టు ఎత్తుకుని మేడ ఎక్కేశాను. తాడు మీద ఒక్కొక్కటీ నంబరు ఎండ వైపు తిప్పి వేశాను, రోడ్డుకు కనబడకుండా. రెండు నెలల్లో అంకెలు పొర లేస్తాయి. లేవనీ అనుకున్నాను. పదకొండూ వేసేశాక కూడా అక్కడే నిలబడ్డాను. కిందినుంచి వాళ్లిద్దరి మాటలు వినబడతాయేమోనని చూశాను.